స్వెటరామె రిపోర్టు

ల్యాబు తలుపులు పొద్దున్న ఏడింటికి తెరుస్తారు. అంతకు పావుగంట ముందే కౌంటరమ్మ వచ్చేది. లైట్లు వేసి, కంప్యూటర్ ఆన్ చేసి, ప్రింటర్లో కాగితాలు పెట్టి, నిన్నటి రిపోర్టులన్నీ కవర్లలో సర్దేది. ఆ సరికి లోపలి గదిలో ఒకాయన సూదులు, దూది, రంగురంగుల మూతల గొట్టాలు ట్రేలో పేర్చుకుంటూ ఉండేవాడు. ఆయనది ముప్పై ఏళ్లుగా రక్తం తీసే ఉద్యోగం. చుట్టుపక్కల వీధుల్లో అందరూ ఆయన్ని దోమ అనేవాళ్లు. ఆయన నొచ్చుకునేవాడు కాదు. "దోమ కుడితే కనీసం చప్పట్లైనా కొడతారు, నాకు అదీ లేదు" అనేవాడు. కౌంటరమ్మ మాత్రం బాబాయ్ అని పిలిచేది.

ఏడు నుంచి తొమ్మిది దాకా పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చేవాళ్ల రద్దీ. హాల్లో వాళ్లకి ప్లాస్టిక్ కుర్చీలు ఉన్నాయి. కిటికీ పక్కనున్న చెక్క బెంచీ మాత్రం చనిపోయినవాళ్లది. రక్తం ఇచ్చి, రిపోర్టు తీసుకునేలోపు పోయినవాళ్లు వచ్చి అక్కడ కూర్చునేవాళ్లు. రోజుకి ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్లు. రద్దీ కాస్త తగ్గాక కౌంటరమ్మ పిలిచి, కవరు వెతికి ఇస్తే, రిజిస్టర్లో సంతకం పెట్టి వెళ్లిపోయేవాళ్లు. మళ్లీ రారు. తెలియనివాళ్లెవరైనా ఆ బెంచీ మీద కూర్చుంటే వెన్నులోకి చలి పాకి, చటుక్కున లేచేవాళ్లు. "ఇటు కుర్చీలున్నాయి, రండి" అనేది కౌంటరమ్మ. అంతే. దాని గురించి ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకున్నది లేదు.

ఒకామె మాత్రం ఏడు నెలలుగా రోజూ వస్తోంది. నలభై అయిదేళ్లుంటాయి. మండు వేసవిలో కూడా ముదురాకుపచ్చ ఉన్ని స్వెటరు, గొంతు దాకా బొత్తాలు. కవరు తీసుకుంటుంది, లోపలి కాగితం తీసి పై నుంచి కింది దాకా వేలు పెట్టి చూస్తుంది, మళ్లీ మడిచి కౌంటరు మీద పెట్టేస్తుంది.

"ఇందులో ఏముందో కాస్త చెప్తారా అమ్మా?"

"మేం చెప్పకూడదండీ. డాక్టరు గారినే అడగాలి."

"ఆయన దగ్గరికి వెళ్తే లోపలికి పిలవడం లేదు. అపాయింట్‌మెంటు ఉండాలంటున్నారు."

"నేనేం చెయ్యను చెప్పండి?"

"అర్థం కాని కాగితం ఎలా పట్టుకెళ్లను? రేపొస్తాలే" అని స్వెటరామె వెళ్లిపోయేది. రిజిస్టర్లో ఆమె పేరు పక్కన గడి ఖాళీగానే ఉండేది.

కౌంటరమ్మ ఆ సంగతి మనసులో పెట్టుకునేది కాదు. ఆమె బాధలు ఆమెకే సరిపోయేవి. ఆరేళ్లుగా థైరాయిడ్. పొద్దున్నే మాత్ర వేసుకోవడం, ఆర్నెల్లకోసారి బాబాయ్‌కి చెయ్యి చాపడం అలవాటైపోయింది. బాగానే ఉండేది కూడా. కానీ ఈ మధ్య దువ్వెన పెడితే చాలు, జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి వస్తోంది. స్నానాల గదిలో నీళ్లు పోయే జాలీ తన జుట్టుతోనే మూసుకుపోతోంది. పక్కింటామె చెప్తే మందుల షాపులో జుట్టు మాత్రల సీసా ఒకటి కొనుక్కుని వాడటం మొదలుపెట్టింది. నాలుగు నెలలైంది.

ఈలోపు థైరాయిడ్ పరీక్ష చేయించుకుంటే టీఎస్‌హెచ్ మరీ తక్కువ వచ్చింది. ఆ అంకె ఎంత తగ్గితే ఒంట్లో హార్మోను అంత ఎక్కువైనట్టు లెక్క. డాక్టరు కాగితం చూసి, "మాత్ర ఎక్కువవుతోందమ్మా" అని వందది డెబ్బై అయిదు చేశాడు. రెండు నెలలకి మళ్లీ తక్కువే. ఈసారి యాభై చేశాడు. రిపోర్టు ప్రకారం ఆమె ఒంట్లో అన్నీ పరుగులు పెడుతూ ఉండాలి. కానీ ఆమె మెట్లెక్కాలంటే రెండుసార్లు ఆగుతోంది. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. గొంతు బొంగురుపోయింది. మాట సగంలో ఉండగానే ఏం చెప్పబోయిందో మర్చిపోతోంది.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఒక ఆదివారం పొద్దున్న పదింటికి కూడా ఆమె మంచం దిగకపోయేసరికి గుమ్మంలో నిలబడి నవ్వాడు.

"ఏమిటే, మధ్య అంతస్తులో ఇరుక్కుపోయావా? తలుపులు బద్దలుకొట్టి తీయాలా?"

"చలేస్తోంది. ఇంకో దుప్పటి ఇలా పడెయ్యి."

"ఈ ఎండల్లో దుప్పటా? నీకు రోజురోజుకీ బద్ధకం ఎక్కువైపోతోంది" అన్నాడు. తమాషాకే అన్నాడు. కానీ దుప్పటి తెచ్చి కప్పుతుంటే ఆమె పాదం తగిలి, అతని నవ్వు ఆగిపోయింది. కాసేపు ఆ పాదాన్ని రెండు చేతుల మధ్యా పెట్టుకుని కూర్చున్నాడు.

తర్వాతి వారం ల్యాబులో ఒక విచిత్రం జరగడం మొదలైంది. ఎవరూ గమనించలేదు గానీ కౌంటరమ్మ గమనించింది. ఆమె లోపలికి వస్తుంటే బెంచీ మీదున్నవాళ్లు కాస్త జరుగుతున్నారు. ఎవరో తెలిసినవాళ్లు వచ్చినట్టు, చోటు ఇస్తున్నట్టు. మొదటి రోజు జానెడు. మరునాడు మూరెడు. మూడో రోజుకి ఒక మనిషి హాయిగా కూర్చునేంత జాగా.

ఆ శుక్రవారం రద్దీ విపరీతంగా ఉంది. ఎనిమిదిన్నరకి ఆమెకి కళ్లు బైర్లు కమ్మాయి. కౌంటరు వెనక నుంచి బయటికొచ్చి, గోడ పట్టుకుని నడుస్తూ, ఎదురుగా కనిపించిన ఖాళీలో కూలబడింది. కళ్లు మూసుకుంది. ఎంత హాయిగా ఉందో. ఎన్నాళ్లుగానో వెతుకుతున్న చోటేదో దొరికినట్టుంది. చలి లేదు. కొన్ని వారాలుగా ఎముకల్లో తిష్ఠ వేసిన చలి ఒక్కసారిగా పోయింది. అది పోలేదని, బెంచీ కూడా తనంత చల్లగానే ఉంది కాబట్టి తేడా తెలియడం లేదని ఆమెకి కాసేపటికి గానీ తట్టలేదు.

కళ్లు తెరిచి చూస్తే బాబాయ్ హాల్లో నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు. "కౌంటరు వదిలేసి ఈ అమ్మాయి ఎటు పోయింది?" అంటున్నాడు. ఆయన చూపు బెంచీ మీదుగా, ఆమె మొహం మీదుగా పోయి, కిటికీ దగ్గర ఆగి, వెనక్కి తిరిగింది. ఆమె "ఇక్కడే ఉన్నా బాబాయ్" అంది. ఆయనకి వినపడలేదు.

పక్కనుంచి ఎవరో ఆమె మోచెయ్యి పట్టుకుని కుదిపారు. స్వెటరామె.

"ఇక్కడ కూర్చోకమ్మా. లే."

"కాసేపు... కాసేపు ఉండనివ్వండి."

"నేనూ అలాగే అన్నాను. కాసేపు, కాసేపు అంటూనే పడుకున్నాను. లేమ్మా, నీకు దణ్ణం పెడతాను, లే!"

ఆ గొంతులోని భయానికి కౌంటరమ్మ లేచింది. లేవగానే చలి మళ్లీ ఒళ్లంతా కప్పేసింది, పళ్లు టకటకలాడాయి. బాబాయ్ ఉలిక్కిపడి, "ఇదేమిటి, ఇప్పటిదాకా ఎక్కడున్నావు?" అని పరుగెత్తుకొచ్చాడు.

ఆమెని లోపలి గదిలో కూర్చోబెట్టి వేడివేడి టీ తెప్పించాడు. ఆమె ఓ గుక్క తాగి, తలుపు దగ్గర నిలబడిన స్వెటరామెని పిలిచింది. ఏడు నెలల్లో ఆమెని ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"మీకు కూడా థైరాయిడేనా?"

"పదేళ్లు."

"మాత్ర తగ్గించారా?"

"రెండుసార్లు. ఎక్కువైందన్నారు. తగ్గించే కొద్దీ నాకు నిద్ర ఎక్కువైంది. మూడోసారి రక్తం ఇచ్చిన రాత్రే..." స్వెటరామె గొంతు దగ్గరి బొత్తాం సర్దుకుంది. "విటమిన్లు, ఖనిజాలు అన్నీ చూద్దామని రాశారప్పుడు. రోజూ మీరిచ్చే కాగితం అదే."

"ఇంకేమైనా మందులు వాడేవారా?"

"మందులేం లేవమ్మా. జుట్టు ఊడుతోందని మా ఆడపడుచు సీసా ఒకటి ఇచ్చింది. అది మందు కాదుగా, విటమినేగా."

కౌంటరమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. సంచిలోంచి తన సీసా తీసి చూపించింది. స్వెటరామె తల ఊపింది. అదే రంగు మూత. అవే గులాబీ రంగు మాత్రలు.

ఆ ల్యాబుకి పెద్ద ఒక డాక్టరమ్మ. రోజంతా పై అంతస్తులో మైక్రోస్కోపు ముందే ఉండేది. కిందికి దిగడం అరుదు. ఆ రోజు కౌంటరమ్మ బాబాయ్ భుజం పట్టుకుని మెట్లెక్కి, స్వెటరామె కాగితం, తన కాగితం, సీసా మూడూ ఆమె బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ ముందు సీసా తిప్పి వెనకున్న సన్నక్షరాలు చదివింది. చదివి కళ్లజోడు తీసేసింది.

"ఇది ఎన్నాళ్లుగా వేసుకుంటున్నావు?"

"నాలుగు నెలలండీ."

"రక్తం ఇచ్చే రోజు కూడా?"

"మాత్రలన్నీ ఒకేసారి వేసేసుకుంటానండీ. థైరాయిడ్‌ది, ఇది, ఐరన్, కాల్షియం. మర్చిపోకుండా ఉంటుందని."

డాక్టరమ్మ సీసా వెనకున్న ఒక లైను మీద వేలు పెట్టింది.

"ఇందులో బయోటిన్ అనే విటమిన్ ఉంది. అదీ మామూలు మోతాదు కాదు. మన మిషను థైరాయిడ్ హార్మోన్లను పట్టుకోవడానికి బయోటిన్‌నే గాలంలా వాడుతుంది. రక్తంలో అదే పొంగి పొర్లుతుంటే మిషను దేన్ని పట్టుకుంటుంది? తికమక పడి టీఎస్‌హెచ్ తక్కువనీ, హార్మోను ఎక్కువనీ చూపిస్తుంది. ఉన్నదానికి సరిగ్గా తిరగేసి."

"మరి డాక్టరు గారు..."

"ఆయన కాగితాన్ని నమ్మాడు. నువ్వు సీసా సంగతి చెప్పలేదు. మేం అడగలేదు." ఆమె స్వెటరామె కాగితం దగ్గరికి లాక్కుంది. "ఇది చూడు. ఆ మాత్ర వల్ల కొన్ని అంకెలు కిందికి పడతాయి, కొన్ని పైకి లేస్తాయి. ఈ బీ ట్వెల్వ్ బాగానే ఉన్నట్టుంది కదా? దాన్ని నమ్మలేం. కానీ సోడియం, కొలెస్ట్రాల్ దాని మాట వినవు. సోడియం బాగా పడిపోయింది, కొలెస్ట్రాల్ మూడొందలు దాటింది. థైరాయిడ్ ఎక్కువైనవాళ్లకి కొలెస్ట్రాల్ ఇలా పెరగదు, ఒళ్లు చల్లబడదు. ఈ మనిషికి థైరాయిడ్ ఎక్కువ కాలేదు. అడుగంటిపోయింది. ఒకే కాగితం మీద సగం ఒక మాట, సగం ఇంకో మాట చెప్తుంటే ఎవరూ ఆగి చూడలేదు."

బాబాయ్ గోడకి ఆనుకున్నాడు. "ఆమె నాకు గుర్తుంది" అన్నాడు మెల్లగా. "మూడుసార్లు గుచ్చినా నరం దొరకలేదు. చేతులు మంచుగడ్డలు. ఫారం మీద రాశాను కూడా, చేతులు చల్లన అని." కౌంటరమ్మ మణికట్టు ముట్టుకుని, "నీ చెయ్యీ అలాగే ఉంటోంది అమ్మాయ్. పైకి అనలేదు గానీ, నెల నుంచీ నాకు భయంగానే ఉంది" అన్నాడు.

సీసా ఆపి వారం తర్వాత మళ్లీ రక్తం తీశారు. బాబాయ్ ఆ రోజు ఒక్క పరాచికమూ ఆడలేదు. ఆ వారమంతా ఆమె బెంచీ వైపు చూడకుండా పని చేసింది. అయినా అక్కడ ఖాళీ అలాగే ఉందని తెలుస్తూనే ఉంది, వీపు వెనక ఎవరో నిలబడితే తెలిసినట్టు.

ఈసారి టీఎస్‌హెచ్ ఎనభై ఎనిమిది, అయిదు దాటకూడనిది. బీ ట్వెల్వ్ ఉండాల్సినదానికి చాలా కింద. డీ విటమిన్ పదకొండు. ఐరన్ నిల్వ తొమ్మిది. అవీ తక్కువే. డాక్టరమ్మ ఒక్కో లైను దగ్గరా పెన్ను పెట్టి వివరంగా చెప్పింది. "రక్తం శాతం పరవాలేదు కదా అనుకుంటావు. కుళాయిలో నీళ్లొస్తున్నాయి గానీ పైన ట్యాంకు అడుగంటింది, అదీ సంగతి. కాళ్ల తిమ్మిర్లు బీ ట్వెల్వ్ వల్ల కావచ్చు. థైరాయిడ్ మాత్ర మంచినీళ్లతో, ఒంటరిగా వేసుకో. ఐరన్, కాల్షియం దాన్ని ఒంటికి పట్టనివ్వవు. నాలుగు గంటలు ఎడం ఉండాలి. అన్నీ గుప్పిట్లో పోసుకుని మింగకు." ఆ పూటే థైరాయిడ్ డాక్టరుకి తనే ఫోన్ చేసింది. ఆయన అంతా విని, "పంపించండి, ఇప్పుడే చూస్తాను. ముందే అడగాల్సింది నేను" అన్నాడట.

వెంటనే అద్భుతాలేం జరగలేదు. మాత్ర మెల్లగా పెంచారు. బీ ట్వెల్వ్ సూదులు బాబాయే వేశాడు. మూడో వారానికి ఆమె మెట్ల దగ్గర ఒక్కసారే ఆగింది. ఆరో వారానికి చెప్పబోయిన మాట చివరిదాకా గుర్తుంది. ఆమె భర్త ప్రతి రాత్రీ పడుకోబోయే ముందు ఏదో వంక పెట్టుకుని ఆమె పాదాలు తాకి చూసేవాడు. బెంచీ మీద ఖాళీ జానెడు జానెడు చొప్పున పూడుకుపోయింది. చివరికి ఒక రోజు ఆమె లోపలికి వస్తుంటే అక్కడ కూర్చున్నవాళ్లెవరూ తల కూడా ఎత్తలేదు.

స్వెటరామె ఆ రోజుల్లో కూడా రోజూ వచ్చింది. "కొంచెం ఓపిక పట్టండి, ముందు నేను సరిగ్గా నేర్చుకోవాలి" అనేది కౌంటరమ్మ. మధ్యాహ్నం భోజనం డబ్బా మూసేశాక పైకి వెళ్లి డాక్టరమ్మని అడిగి తెలుసుకునేది. ఏ అంకె దేనికి, ఎంత ఉంటే ఏమిటి, ఏది దేన్ని దాచిపెడుతుంది అని చిన్న నోటుబుక్కులో రాసుకునేది.

రెండు నెలలు దాటాక ఒక మంగళవారం, రద్దీ అయిపోయాక, కౌంటరు పక్కన రెండు కుర్చీలు వేసింది.

"రండి. కూర్చుని చూద్దాం."

మొదటి లైను నుంచి చివరి లైను దాకా చెప్పింది. తొందరపడలేదు. స్వెటరామె మధ్యమధ్య "అంటే?" అనేది, కౌంటరమ్మ మళ్లీ చెప్పేది. సోడియం దగ్గరికి వచ్చేసరికి స్వెటరామె వేలు కాగితం మీద ఆగిపోయింది.

"ఇది తగ్గితే ఏమవుతుంది?"

"మత్తుగా ఉంటుంది. మాట తడబడుతుంది. లేవాలన్నా లేవలేరు."

"లేవాలన్నా లేవలేరు" అని స్వెటరామె ఆ మాట మళ్లీ అనుకుంది. "మరి నేను కావాలని పడుకోలేదన్నమాట."

"లేదండీ."

"బద్ధకం కాదు."

"కాదు. మీలో ఓపిక అనేది మిగల్లేదు. ఇదిగో, ఇక్కడే రాసి ఉంది."

స్వెటరామె చాలాసేపు కాగితం వైపు చూసింది. తర్వాత దాన్ని నీటుగా మడిచి కవర్లో పెట్టుకుంది. రిజిస్టర్ తనవైపు తిప్పుకుని, ఏడు నెలలుగా, ఆపైన ఇంకో రెండు నెలలుగా ఖాళీగా ఉన్న గడిలో సంతకం పెట్టింది. గుండ్రటి, చక్కని రాత.

"మా ఇంటి నంబరు మీ దగ్గరే ఉందిగా. మా ఆయనకి ఒక్క మాట చెప్తారా? నేను చెప్తే వినపడదు." అని, జవాబు కోసం చూడకుండా వెళ్లిపోయింది.

కౌంటరమ్మ ఫారం తీసి నంబరు కలిపింది. అవతల ఒక మగగొంతు పలికింది. ఆమె ల్యాబు పేరు చెప్పి, ఆయన భార్య రిపోర్టు గురించి అంది. ఆయన అడ్డు చెప్పకుండా విన్నాడు. జుట్టు మాత్రల సంగతి విన్నాడు, అంకెలు తిరగబడటం విన్నాడు. అంతా అయ్యాక అడిగాడు.

"అయితే ఆమె లేవలేకపోయిందా?"

"లేవలేకపోయారండీ."

"పోయే ముందు రోజు పొద్దున్న కూడా తిట్టాను నేను. ఎంతసేపు దొర్లుతావు, ఇంట్లో పనెవరు చేస్తారు అని." ఆయన ఊపిరి ఫోనులో గరగరమంది. "ఆమె ఏమీ అనలేదు. లేస్తున్నా, లేస్తున్నా అంది."

కౌంటరమ్మ ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"రోజూ సాయంత్రం వస్తోంది ఇక్కడికి" అన్నాడాయన. "వంటింటి గుమ్మంలో నిలబడుతుంది. ఏమీ అడగదు. నేను చూసి తల దించుకుంటాను. ఇందాక ఏమన్నారు, కాగితం పట్టుకెళ్లిందా?"

"సంతకం పెట్టి పట్టుకెళ్లారండీ."

"అయితే ఇక రాదన్నమాట."

అవతల ఏదో సొరుగు లాగిన చప్పుడు, కాగితాలు కదిలిన చప్పుడు వినిపించాయి.

"మీ దగ్గర ఆ రిపోర్టు ఇంకోటి ఉంటుందా అమ్మా? కంప్యూటర్లో?"

"ఉందండీ."

"చదవండి. ఆమెకి చెప్పినట్టే, ఒక్కోటీ. కాస్త మెల్లగా చెప్పండి, నేను రాసుకుంటాను."

కౌంటరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదటి లైను నుంచి మొదలుపెట్టింది.